కూడు తినే చెయ్యి పక్క కన్ను

“అవ్వా, నువ్వు కుట్టే ప్రతి బొంతకూ ఒక మూల ఈ నీలం చుక్క ఎందుకు కుడతావు?” అని అడిగినా.

కంబదూరు పక్కన మా అవ్వ ఊరు. అవ్వంటే మా అమ్మను కన్నామె, ఓబుళమ్మ. సెలవులకు పోయినప్పుడల్లా మధ్యాన్నం పూట ఆమె వసారాలో పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుడతా ఉంటాది, నేను ఎదురుగా కూచుని ఆ సూది పోయే దోవ చూస్తా ఉంటా. ఎడమ చేత్తో కుడతాది. అందుకే ఆమె కుట్లన్నీ గాలికి వాలిన కొర్రవెన్నుల మాదిరి వేరే పక్కకు వాలి ఉంటాయి. ఆ పొద్దు ముగించి పక్కన మడిచి పెట్టిన గులాబిరంగు బొంత మీద, మూలలో ఒంటిగా, మినపగింజంత నీలం చుక్క. అడిగిందానికి ఆమె చెప్పింది చెప్పినట్లే రాస్తాండా.

*

అదా? అది చుక్క కాదు పాపా. అది అడ్రసు.

నవ్వుతావేమే, నిజంగా. ఆ మాట నాది కాదులే, కండ్లాస్పత్రిలో రెహనా అని ఒక నర్సమ్మ ఉండాది, ఆ పిల్ల మాట. చెప్తా ఉండు. ముందు ఆ దారం ఇట్లియ్యి. నల్లది కాదు, తెల్లది. చూస్తివా, ఏది నల్లదో ఏది తెల్లదో ఇప్పుడు నీకు నేను చెప్తాండా. మూడేండ్ల కిందట అయితే... మూడు కాదు, మీ అక్క నీళ్ళోసుకున్న యేడు కదా, అయితే రెండేండ్లే. రెండేండ్ల కిందట నాకు దారం ఉండాదని చేతికి తగిలితేనే తెలిసేది.

మొదట ఏమాయెనంటే, సూదిలోకి దారం ఎక్కేది మానుకునింది. నేను నా కండ్లను ఎందుకు అనుమానిస్తా, సూదిని తిట్టినా. “ఈ కాలం సూదులకు బెజ్జాలు పెట్టేది మరిచిపోయినారప్పా” అని అంగడాయనతో కొట్లాడి వచ్చినా. మా కాలంలో పావలాకు పొట్లం సూదులు, ఒక్కో బెజ్జంలో తాడు దూరేది. సరే, తాడు అబద్ధంలే. దారమైతే దూరేది.

నా బొంతలంటే నీకు తెలుసు కదా. బత్తలపల్లె నుంచి, శింగనమల నుంచి కూడా చీరలు మూటగట్టి బస్సులో పంపిస్తాండ్రి. ఎడంచెయ్యి కుట్టు, ఎవురికీ రాదు, చూస్తానే ఓబుళమ్మ బొంత అని చెప్పేస్తారు. అట్లాంటిది ఒకాయమ్మ బొంతను తెచ్చి వాకిట్లో పెట్టి, “ఓబుళక్కా, కుట్టు యాడికో పాయె చూడు, మేక తిరిగినట్లు తిరిగింది” అనె. కోపంగా కూడా అనలేదు. జాలిగా అనింది. అదే నాకు తగిలింది. ఆ బొంత విప్పి పక్కన పెట్టి, అందరితో చెయ్యి నొస్తాదని చెప్పినా. చెయ్యికేం రోగం! మీ అక్క బిడ్డకని మొదలుపెట్టిన బొంత సగంలో ఆపేసినా. ఈ కన్ను బాగవకపోతే సూది తీసి పెట్టెలో వేసేద్దామని మనసులో అనుకునింది ఎవురికీ చెప్పలేదు.

మా వదినకు మాత్రం తెలిసిపాయె. రామక్క. మీ తాతకు అక్క, మీకూ అవ్వే. ఆయమ్మ నోరు ఎట్లాంటిదో తెలుసు కదా. ఒకరోజు నా ముందర నిలబడి మూతి వంకరపెట్టి ఎగతాళి చేసిందంట. నేను పలకలేదంట. “దీనికి కండ్లు పోయినాయి రో” అని ఊరంతా చెప్పింది. ఊరంతా చెప్పింది ఆయమ్మే, బడి కాడికి కండ్లాస్పత్రి వ్యాను వచ్చిందని నా చెయ్యి పట్టుకుని లాక్కపోయిందీ ఆయమ్మే. ఆమె మీద కోపం చేసుకోవాల్నో దండం పెట్టాల్నో నాకు ఇప్పటికీ తెలీదు.

బడిలో గోడకు ఒక అట్ట తగిలించి ఉండ్రి. దాంట్లో అక్షరాలు. నాకు అక్షరం ముక్క రాదని చెప్తే, ఆ వ్యాను పిల్లోడు, “అక్షరాలు కాదవ్వా, విత్తనం వేసే గొర్రు అనుకో. గొర్రు పండ్లు ఎటు పక్కకు ఉండాయో చెయ్యి చూపించు చాలు” అనె. ఎంత తెలివో చూడు! పైన పెద్ద గొర్రు, కింద చిన్న గొర్లు. కుడి కంటితో పైన రెండు వరసలు చెప్పినా. ఎడమ కంటితో పెద్ద గొర్రు కూడా కనపడలా. “ఏమప్పా, ఎద్దులు లాక్కపోయినాయా?” అంటి. అందరూ నవ్విరి. నవ్వు నాది కాదు పాపా, లోపల భయంగా ఉన్నింది.

డాక్టరు లైటు వేసి చూసి చెప్పినాడు. ఎడమ కంటి పొర బాగా ముదిరింది, తియ్యాల. కుడిది ఇంకా పిందె, దాంతోనే నువ్వు దోవ చూసుకుంటాండావు, ఇప్పుడు దాని జోలికి పోకూడదు అని. ఈ మాట గుర్తు పెట్టుకో. కథంతా దీని మీదే ఉండాది.

మరుసటి రోజు వ్యాన్లో టౌనుకు పోతిమి. నేను, మా వదిన. దోవలో కొండల మీద గాలిమరలు ఉంటాయి కదా, వాటి సద్దు వినపడుతుంటే, “వదినా, వాటికి రెక్కలెన్ని?” అంటి. “మూడు.” “మూడు రెక్కలతో ఏదైనా తిరుగుతాదా, నాలుగు ఉంటాయిలే.” “కండ్లు నీకున్నాయా నాకున్నాయా?” ఆస్పత్రి దాకా అదే కొట్లాట.

ఆడ రెహనా. నాకు మొగం కనపడలా, గొంతు వినపడె. గట్టి గొంతు, బాయికాడ పిలిచినట్లు. పెద్ద ఒడ్డూపొడుగూ ఉండే మనిషి అనుకున్నా. కానీ ఒకటి పాపా, ఆ పిల్ల నా చెవిలో అరవలా. నీకు తెలీదు, కండ్లు కనపడకపోతే లోకమంతా మన చెవుల్లో అరుస్తాది, చెవుడు కూడా వచ్చినట్లు. ఈ పిల్ల అట్ల కాదు. నా మోచెయ్యి కింద చెయ్యి పెట్టి, “ఓబుళమ్మవ్వా, నాలుగు అడుగులకు గడప ఉండాది. ఇప్పుడు మెట్టు. ఇప్పుడు మంచం” అని చెప్తా తీసకపోయె. మందు వేసే ముందర, “ఇది మండుతాది, పది లెక్కపెట్టు, ఆరిపోతాది” అనింది. నిజంగా ఏడుకే ఆరిపాయె. చేసేది ముందే చెప్పి చేస్తే సగం భయం ఉండదు. మన ఇండ్లల్లో ఎవురు చెప్తారు? చెయ్యి పట్టుకుని ఈడ్చేదే కదా.

మా వదినకు కూడా నేర్పించె. “ఆపరేషను అయినాక రోజుకు ఆరుసార్లు చుక్కలు వెయ్యాల పెద్దమ్మా” అని. పక్క మంచంలో ఒక ముసలాయన, “ఆరుసార్లా! నేను ఒక్కసారి చుక్క వేసుకుంటేనే మా ఇంట్లో నాలుగు రోజులు అన్నం పెట్టదే” అనె. రెహనా పగలబడి నవ్వె. మా వదిన మాత్రం గమ్మునుండకుండా, “ఈయప్పకు కండ్లకు కాదు, నోటికి వెయ్యండమ్మా కట్టు” అనె.

ఇంగ సాయంత్రం. రెహనా వచ్చి, నా మొగం తుడిచి, ఎడమ కనుబొమ్మ మీద పెన్నుతో ఏమో పెట్టింది. చల్లగా తగిలె. “రేపు దాకా ఇది ఉండనీ అవ్వా” అని చెప్పి పాయె. ఏం పెట్టిందో నాకేం తెలుసు. ఆ పిల్ల అటు పోతానే మా వదిన వంగి చూసి, “ఏమే ఓబుళా, ఈ వయసులో బొట్టు పెట్టించుకుంటివే!” అనింది.

మీ తాత పోయి పన్నెండేండ్లు. పన్నెండేండ్లుగా నొసటి మీద ఏమీ పెట్టని దాన్ని. ఇప్పుడు నువ్వేమో అదంతా ఏముందవ్వా అంటావు, మీ కాలం వేరే. నాకైతే ఏదో తప్పు చేసినట్లయ్యె. మొగం కడుక్కుంటే పోలేదు. మా వదిన సంచిలో టెంకాయ నూనె ఉన్నింది. రోంత కొంగుకు రాసి రుద్ది రుద్ది తీసేసినా. “పోయిందా?” “పోయింది.” హాయిగా పండుకున్నా. చూడు, ఎంత తెలివితక్కువ పనో! ఆయమ్మ ఎగతాళికి అనింది, నేను నిజమనుకున్నా.

పొద్దున బొరుగుల ఉగ్గాని పెట్టిరి. ఎంత బాగున్నిందో, మన మాదిరే, పప్పులపొడి వేసి. నేను తింటా ఉంటే రెహనా అటు పోతా నిలబడి, “ఏమవ్వా, పుర్రచెయ్యా నీది?” అనింది. “అవును తల్లీ, కూడు తినేది కూడా దీంతోనే” అంటి. “మా తమ్మునిదీ అంతే, మా అమ్మ ఎంత కొట్టినా మారలా” అని నవ్వుకుంటా పాయె. అంతే. ఆ ఒక్క మాటే.

ఈ చెయ్యి గురించి చెప్పల్ల నీకు. ఇది వేరే కథ, మళ్ళ దాంట్లోకే వస్తా. చిన్నప్పుడు మా అమ్మ దీనికి గుడ్డ కట్టి పెట్టేది, ఎడమ చేత్తో తినకూడదని. గుడ్డతోనే తినేదాన్ని. పెండ్లయి అత్తగారింట్లో మొదటి రోజు అందరూ వరసగా కూచున్నారు, కొత్త పెండ్లికూతురని అందరి కండ్లూ నా మీదే. కుడి చేత్తో ఎంత ప్రయత్నం చేసినా ముద్ద నోటికి పోక రైక మీద పడె. అలవాటు చొప్పున ఎడమ చెయ్యి విస్తట్లోకి పాయె. అంతే, ఒకరు కిసుక్కుమనిరి, ఇంకొకరు... మీ రామక్కవ్వే, “అయ్యో, పుర్రచెయ్యి పిల్లను తెస్తిమే” అనె. నాకు భూమిలోకి పోదామనిపిచ్చె. మీ తాత పక్కనే. నాతో అంతవరకు రెండు మాటలు కూడా మాట్లాడలా. ఆయప్ప ఏం చేసినాడో తెలుసా? గమ్మున కుడి చెయ్యి తొడ మీద పెట్టుకుని, ఎడమ చేత్తో ముద్ద కలిపి తిన్నాడు. మీసాలకంతా చారు. రాదు కదా ఆయప్పకు! అట్లనే చివరి మెతుకు దాకా తిన్నాడు. నవ్వేవాళ్ళు ఎవురిని చూసి నవ్వాల్నో తెలీక ఆపేసినారు. ఆ పొద్దు నుంచి నా చెయ్యిని ఎవురూ ఏమీ అనలా.

కండ్లు తుడుచుకుంటావేమే? ఇది ఏడ్చే మాటా? ఊఁ, విను.

ఉగ్గాని తిన్నాక ఆకుపచ్చ గుడ్డలు వేసి, తలకు టోపీ పెట్టి, టేటరు ముందర బెంచీలో కూచోబెట్టిరి. టేటరంటే సినిమాది కాదు, ఆపరేషను చేసేది. నేను వచ్చేటప్పుడు మా వదిన, “టిక్కెట్టు లేకుండా పోతాండావు, ఆట బాగుంటే చెప్పు” అని పంపిచ్చింది. బెంచీ ఇనుపది, మంచు మాదిరి ఉన్నింది. నా పక్కన ఇంకో ముసలామె. పేరేమంటే ఆమె కూడా ఓబుళమ్మ! మన పక్కల ఓబుళమ్మలకు కరువా? ఆమెది కుడి కన్ను అంట.

వాకిలి కాడ ఒకన్న నిలబడి కార్డులు చూసి లోపలికి పంపిస్తాండాడు. ఆడ ఒక పద్ధతి ఉండాది. కార్డు ఒకటి చెప్పల్ల, కంటి మీద గుర్తు ఒకటి చెప్పల్ల, మనిషి నోరు ఒకటి చెప్పల్ల. మూడూ ఒకటే అయితేనే గడప దాటనిచ్చేది. నా వంతు వచ్చె. “పేరేందవ్వా?” “ఓబుళమ్మ.” “ఏ కన్ను?”

నాకు ఎడమ కుడి అంటే చిన్నప్పటి నుంచీ తిరకాసే. అందరికీ ఏమని నేర్పిస్తారు? కూడు తినే చెయ్యి కుడి చెయ్యి అని. నాకు అట్ల అనుకుంటే తలకిందులైపోతాది. ఆ భయంలో ఏదీ గుర్తు రాలా. “కూడు తినే చెయ్యి పక్కది సామీ” అంటి.

“అంటే కుడి కన్ను” అనె ఆయన. కార్డు చూస్తే ఎడమ అని ఉండాది. నొసట చూస్తే గుర్తు లేదు. నేనే కదా తుడిచింది! “అవ్వా, బాగా చెప్పు, కూడు తినే చెయ్యి పక్కదేనా?” “నా కన్ను నాకు తెలీదా అప్పా!” అని గట్టిగా అంటిని కూడా. పక్కన చూస్తే ఇంకో ఓబుళమ్మ. పాపం ఆయన ఏమనుకున్నాడంటే, రెండు కార్డులు తారుమారు అయినట్లుండాయి, కుడి కన్ను ఓబుళమ్మ ఈమే అని. ఆమె కార్డు తీసి చేతిలోకి తీసుకున్నాడు.

కంట్లో పెట్టే అద్దం ఒక్కొక్కరికి ఒక్కో కొలతంట. నా కొలత వేరే, ఆమె కొలత వేరే. ఇంకా లోపల కోసే ముందర డాక్టరు కూడా ఒకసారి సరిచూస్తాడంటలే. కానీ ఆ గడియలో నేను పోతాండింది యాడికి? దోవ చూపించే కన్ను, డాక్టరు జోలికి పోవద్దన్న కన్ను, దాన్ని కొయ్యమని నా నోటితో నేనే చెప్తాండా. దానికేమన్నా అయ్యుంటే పాపా, బొంతలు కాదు, నీ మొగం కూడా నాకు...

సరే. ఏమీ కాలా కదా. దారం తెగింది చూడు, ముడి వెయ్యి.

అంతలో లోపల నుంచి గొంతు వచ్చె. బాయికాడ గొంతు. “ఆగన్నా! ఆయమ్మది పుర్రచెయ్యి. పొద్దున ఉగ్గాని ఏ చేత్తో తినిందో నేను చూసినా.”

అంతే. అందరూ నిలబడిపాయిరి. రెహనా వచ్చి నా ముందర మోకాళ్ళ మీద కూచుని, “అవ్వా, మాట వద్దు. ఆపరేషను చెయ్యమన్న కన్ను మీద నీ చెయ్యి పెట్టు” అనె. ఎడమ చేత్తో ఎడమ కన్ను మూసినా. ఆ వాకిలి కాడ అన్న, “యప్పా!” అని గోడకు ఆనుకున్నాడు. ఎవురూ నన్ను తిట్టలా. నన్ను ఆపి, మళ్ళ మిషను కాడికి తీసకపోయి, డాక్టరు తానే చూసి, “ఎడమదే. కార్డు సరిగ్గానే ఉండాది” అని చెప్పినాక ఆ రెండో ఓబుళమ్మను ముందు పంపిచ్చిరి. ఆమె పోతా పోతా, “మళ్ళ నా పేరు పెట్టుకోవద్దు” అనె నాతో.

రెహనా నా పక్కన కూచునింది. “నేను పెట్టిన గుర్తు ఏమాయె అవ్వా?” అని మెల్లగా అడిగె. చెప్పేదానికి సిగ్గాయె. మొగుడు పోయినదాన్ని, బొట్టు పెట్టుకోకూడదని నూనె రాసి తుడిచేసినా తల్లీ అంటి. ఆ పిల్ల నవ్వలా. పెన్ను తీసి నా కనుబొమ్మ మీద మళ్ళ పెట్టె. నా చెయ్యి దానంతటది పైకి లేచె, తుడిచేదానికి. అప్పుడు ఆ పిల్ల నా వేలు పట్టుకుని తన నొసటి మీద పెట్టింది. అదే చోట, ఎడమ కనుబొమ్మ పైన. తడిగా తగిలె, తనకూ పెట్టుకునింది.

“నేను తురకల పిల్లను కదవ్వా, మాకు బొట్టు లేదు. ఇది బొట్టయితే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తాదా? ఇది బొట్టు కాదు, అడ్రసు. డాక్టరు దోవ తప్పకుండా నీ కంటికి రావల్ల కదా” అనింది.

నాకు మీసాలకంతా చారు పూసుకున్న ఆయప్ప గుర్తొచ్చినాడు. ఇన్నేండ్లకు మళ్ళ ఒకరు నా కోసం అట్ల చేసిరి.

ఆపరేషను ఎంత సేపు? వక్కాకు నమిలినంత సేపు. నొప్పి లేదు, తెల్లగా వెలుతురు, అంతే. మరుసటి పొద్దున కట్టు విప్పిరి. మొదట కనపడింది ఏంది చెప్పు. మొగం కాదు. నీలం చుక్క. చుక్క చుట్టూ మొగం మెల్లగా వచ్చె. పెద్ద మనిషి కాదు పాపా, బక్కపల్చని పిల్ల, నీ అంత కూడా లేదు. ఇంత గొంతు యాడ దాచిందో! “సోపుతో పోలేదవ్వా, నూనె రాయల్లంట కదా?” అనె నన్ను చూసి కన్ను గీటి.

వ్యాన్లో తిరిగి వస్తా కొండల మీదికి చూసినా. మూడే. రెక్కలు మూడే. మా వదిన నా మొగం చూస్తానే ఉండాది, నేను ఎన్ని అంటానో అని. “నాలుగు” అంటి. ఆయమ్మను గెలవనిస్తానా!

ఇంటికి వస్తానే మీ అక్క బిడ్డ బొంత ముగించినా. ఆ తరువాత ఒక చిన్న బొంత కుట్టి, మూలలో నీలం దారంతో చుక్క వేసి, మళ్ళ చూపించుకునేదానికి పోయినప్పుడు రెహనాకు ఇచ్చినా. “మేము ఏమీ తీసుకోకూడదవ్వా” అనె. “నీకెవురు ఇచ్చిరి, ఆ ఇనుప బెంచీకి ఇచ్చినా” అంటి. ఇప్పుడు ఆ బెంచీ మీదే ఉండాదంట. ఉతికి ఉతికి వేస్తారంట. ఇంకోటి చెప్పింది. ఇప్పుడు వాకిలి కాడ ఎవురినీ ఏ కన్ను అని నోటితో అడగరంట, చెయ్యి పెట్టి చూపించమంటారంట. ఎవురన్నా ఎందుకని అడిగితే ఓబుళమ్మవ్వ పుణ్యం అని చెప్తారంట. నా తెలివితక్కువకు కూడా ఒక పేరు వచ్చె చూడు.

ఇప్పుడు ఈ కుడిది ముదిరింది. వచ్చే వారం పోవల్ల. ఈసారి మా వదిన వద్దు, నువ్వు రా తోడు. గుర్తు పెడితే తుడవనులే. నువ్వూ ఒకటి పెట్టించుకో, ఎట్లా నువ్వు ఆకాశం వైపు చూస్తా నడుస్తావు, నీకూ ఒక అడ్రసు కావల్ల.

నవ్వు, నవ్వు. నిన్నేమని దీవించాల్నో తెలుసా? ఉన్నోడు దొరకల్ల అనను, సదువుకున్నోడు అనను. నలుగురిలో నువ్వు తలొంచుకునే పొద్దు వస్తే, నీ పక్కన కూచుని మీసాలకు చారు పూసుకునేవాడు దొరకల్ల తల్లీ. చల్లగా ఉండు.

ఊఁ, ఇంగ మూల ఒకటే మిగిలింది. ఆ దారం ఇట్లియ్యి... తెల్లది కాదే...